సాంచెల మధ్య చదువు

ముందు పోయినవి చెబుతాను.

కుక్కర్ ఈల పోయింది. పక్క గదిలో కూర్చుంటే మా బిడ్డకు అది వినపడదు. దోమ పోయింది, చెవి దగ్గర రొద పెట్టి హెచ్చరించే దోమ ఇప్పుడు తన దగ్గరికి చప్పుడు లేకుండా వచ్చి కుట్టి పోతుంది. పోపులో జీలకర్ర చిటపటలాడడం పోయింది. వాళ్ళమ్మ బీడీల కోసం తునికాకు కత్తిరిస్తుంటే కత్తెర చేసే కిరకిర పోయింది. పుట్టిన నాటి నుంచి విన్న చప్పుడు అది. చెవిలో చెప్పే గుసగుసలు పోయాయి. వాటితో పాటే, ఆ గుసగుసలు చెప్పే స్నేహితురాలు ఇంటికి రావడం మానేసింది. ఫోనులో ఆడవాళ్ళ మాటలు సగం పోయాయి, మగవాళ్ళవి చాలావరకు నిలిచాయి. అందుకని మేనత్త ఫోను చేస్తే బిడ్డ రెండుసార్లు ఊ కొట్టి నా చేతికిచ్చేస్తుంది.

ఇవి ఏడు. కార్ఖానాలో కిటికీ కింద తను కూర్చునే చెక్కపెట్టెను కలిపితే ఎనిమిది. నేను లెక్క తప్పనని మా ఇంట్లో అందరికీ ఉన్న నమ్మకం తొమ్మిది. ఇంతటితో గీత గీయడానికి మనసు ఒప్పడం లేదు. ఒక చప్పుడు పోయిందని తెలియాలంటే అది ఒకప్పుడు ఉండేదని తెలిసి ఉండాలి. తనకు తెలియకుండానే పోయినవి ఎన్ని ఉన్నాయో నేనెట్లా చెప్పగలను?

నేను సోలాపూర్ భవాని పేట్‌లో ఒక టవళ్ళ కార్ఖానాలో నూలు లెక్క చూస్తాను. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు అన్నీ సాంచెల దగ్గరే నేర్చుకున్నాను. సాంచె అంటే పవర్‌లూమ్. మావాళ్ళలో ఎవరూ ఇంకో పేరుతో పిలవరు. ఇన్ని కిలోల నూలు వస్తే ఇన్ని డజన్ల టవళ్ళు దిగుతాయని ముందే చెప్పడం నా పని. చెప్పినదానికి, దిగినదానికి పెద్ద తేడా రాదు. అందుకే కార్ఖానా యజమాని, మేము మాలక్ అంటాం, నన్ను ఇంతకాలం ఉంచుకున్నాడు.

మా ఇల్లు ఒక్క గది. దానికీ కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. బిడ్డను ఆసుపత్రి నుంచి తెచ్చి ఆ గోడ పక్కనే ఉయ్యాల కట్టాం. సాంచెలు నడుస్తున్నంతసేపు నిద్రపోయేది, కరెంటు పోయి అవి ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. ఆ సంగతి చెప్పుకుని అందరం నవ్వేవాళ్ళం. మా పేట్‌లో సగం మంది పిల్లలు అంతే.

బడిలో మూడో తరగతి దాకా చదివింది, మరాఠీ మీడియంలో. మొదటి ఏడాది బాగానే ఉంది. తరువాత టీచర్ నుంచి ఒకటే ఫిర్యాదు. 'లక్షచ్ నాహీ' అనేది, అసలు ధ్యాసే లేదని. బోర్డు మీద రాస్తూ ఏదైనా అడిగితే ఈ పిల్ల కిటికీలోకి చూస్తుందట. పిలిస్తే పలకదట, ఎదురుగా వచ్చి నిలబడి అడిగితే మాత్రం టకటకా చెబుతుందట. అంటే వచ్చి కూడా చెప్పడం లేదు, మొండిదని టీచర్ తేల్చింది. ఆఖరి బెంచీకి పంపింది. నేను ఆమెను తప్పు పట్టడం లేదు. ఒక గదిలో అంతమంది పిల్లలు ఉంటే నేనైనా అంతే అనుకునేవాణ్ణి.

ఇంట్లో చూస్తే అదే పిల్ల ప్రశ్నలతో ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. ఒకనాడు అన్నం తింటూ అడిగింది:

"బాపూ, టీచరు అడిగేదానికి టీచరుకే జవాబు తెలుసు గదా. మళ్ల మమ్ముల ఎందుకడుగుతది?"

నేను ఆ మాట కార్ఖానాలో అందరికీ చెప్పుకుని నవ్వాను.  

కరోనా వచ్చి బడులు మూసేశారు. కొన్ని నెలలు సాంచెలూ ఆగాయి. సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి గానీ బడులు తెరవలేదు. పాఠాలు ఫోనులో చెప్పేవారు. మా ఇంట్లో ఉన్నది ఒక ఫోను, అది నా జేబులో ఉండేది. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని బీడీలు చుట్టేది. బిడ్డ గోడకవతలికి, నా దగ్గరికి వచ్చేది. నూలు కండెలు వచ్చే చెక్కపెట్టె ఒకటి బోర్లించి కిటికీ కింద కూర్చోబెట్టాను.

తనకు నేను పాఠం చెప్పాలనుకోలేదు. మొదటి పాఠం తనే తెచ్చింది. టవల్ సాంచెకు రెండు పడుగు భీములుంటాయి, అంటే నిలువు నూలు చుట్టిన రెండు దూలాలు. కిందిది బిగువుగా ఉండి బట్టను పట్టి ఉంచుతుంది. పైది వదులుగా ఉంటుంది, దాని నూలే టవల్ మీద కుచ్చులాగ లేచి నీళ్ళు పీలుస్తుంది. బిడ్డ కొన్నాళ్ళు చూసి, రెండు భీములూ ఒకేనాడు ఎక్కించాం కదా, పైది ఎందుకు ముందు అయిపోతుందని అడిగింది. జవాబు నా నాలుక చివర ఉంది. ఎందుకో ఆపుకున్నాను. చెడిపోయిన టవల్ ముక్క ఒకటి ఇచ్చి, జానెడు కొలిచి, నూలు లాగి చూడమన్నాను.

మధ్యాహ్నమంతా లాగింది. కింది పడుగు నూలు జానెడుకు జానెడే వచ్చింది, ఇంకో వేలెడు ఎక్కువ. పై పడుగు నూలు లాగితే నాలుగు జానెలు దాటింది. నమ్మలేక ఇంకో పోగు లాగింది. మళ్ళీ నాలుగు జానెలు దాటింది. లేచి ఆ పోగును రెండు చేతుల మధ్య పట్టుకుని, సాంచెల వరసలో అందరికీ చూపించి వచ్చింది. 'మూడు జానెలు లోపట దాక్కున్నయ్ బాపూ' అన్నది. ఆ రోజు తనకు నిష్పత్తి వచ్చింది. నాకు ఆ మాట పలకడం వచ్చేసరికి పందొమ్మిదేళ్ళు నిండాయి.

అట్లా మొదలైంది. నూలు నంబరు పెరిగితే నూలు ఎందుకు సన్నబడుతుందో అడిగింది. సాంచె ఆగినా మోటారు ఎందుకు ఆగదో అడిగింది. సాయంత్రం ఇంటికి పోయి, మరాఠీ పేపరు బిగ్గరగా చదివి, బీడీలు చుట్టే నలుగురు ఆడవాళ్ళకు తెలుగులో చెప్పేది. వాళ్ళు ఆకులు మడుస్తూ అడ్డం ప్రశ్నలు వేసేవాళ్ళు, 'మంత్రి అన్నడు సరే, ఇచ్చిండా ఇయ్యలేదా?' అని. తనకు తెలియకపోతే మర్నాడు కనుక్కుని వచ్చేది. ఎంత బిగ్గరగా చదివేదంటే వీధి మలుపు దాకా వినపడేది. పిల్లకు ధైర్యం వచ్చిందని మేము మురిసిపోయాం.

బడులు తెరిచినప్పుడు రెండు రోజులు పోయి వచ్చింది. మూడో రోజు కడుపునొప్పి అన్నది. నాలుగో రోజు అసలు కారణం చెప్పింది: అక్కడ ఎవరూ తనతో మాట్లాడరట, బోర్డుతో మాట్లాడతారట. నేనూ మా ఇంటామె కూర్చుని ఆలోచించాం. పదో తరగతి పరీక్ష బయటి నుంచి కూడా కట్టొచ్చని తెలుసుకున్నాం. ఈ ఏడాదికి మానిపిద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అనుకున్నాం. వచ్చే ఏడాదీ అదే అనుకున్నాం.

మా అక్క మాత్రం ఒప్పుకోలేదు. కుంభారి కాలనీలో ఆమెకు ఇల్లు వచ్చింది, బీడీ కార్మికులకు ఇచ్చినవాటిలో. వచ్చినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు విడవకముందే మొదలుపెట్టేది. ఆడపిల్లను కార్ఖానాలో మగవాళ్ళ మధ్య కూర్చోబెట్టి చదువు అంటావేందిరా, దాని బదులు మాతో బీడీలు చుట్టించినా చేతికి పని వచ్చేది అనేది. నేను టవల్ నూలు సంగతి చెబితే, 'నాలుగు జానెలకు ఎవడు ఇచ్చిండు సర్టిఫికెట్‌?' అనేది. నవ్వు వచ్చేది, కోపమూ వచ్చేది.

సాంచెల మధ్య మాట్లాడే తీరు ఒకటి ఉంది, అది చెప్పకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. అక్కడ ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. కాబట్టి ఎవరూ అరవరు. ఎదురుగా నిలబడి, పెదవులు స్పష్టంగా కదిలించి, చేతులతో చెబుతారు. అంకెలకు వేళ్ళు. పోగు తెగితే ఒక సైగ, చాయ్‌కి ఒక సైగ. వెనక నుంచి ఎవరూ ఎవరినీ పిలవరు. భుజం తట్టి, తిరిగాక చెబుతారు. ఏళ్ళ తరబడి అట్లా మాట్లాడి ఇళ్ళకు పోయి కూడా మేము అట్లాగే మాట్లాడతాం. సోలాపూర్‌లో సాంచె పనివాళ్ళను బయటివాళ్ళు వెంటనే గుర్తుపడతారు, మొహంలో మొహం పెట్టి మాట్లాడతారని.

బిడ్డకు ఈ విద్య మూడు నెలల్లో మా అందరికంటే బాగా వచ్చింది. సాంచెలు బాగుచేసే మేస్త్రిని మేము జాబర్ అంటాం. ఆయన షెడ్డు ఆ చివర నిలబడి పెదవులతో ఏదో ఒక పెద్ద అంకె అనేవాడు. ఈ చివర నుంచి బిడ్డ వేళ్ళతో చూపేది. పందెం వడాపావ్. ఆయన ఓడినన్ని వడాపావ్‌లు ఆ పేట్‌లో ఇంకెవరూ ఓడి ఉండరు. 'దీని కండ్లల్ల చెవులున్నయ్' అనేవాడు. నేను గర్వంగా వినేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు నాకు మంచిగా వినపడదు.

రెండో ఏడాది టవల్ అంచులో బొమ్మలు తీసే జకార్డు మీద మనసు పడింది. ఆ బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు, గడికి ఒక పోగు. ట్యూబులైటు వెనక కాపురముండే బల్లిని చూసి, నెల రోజులు చెరిపి చెరిపి, ఒక బల్లిని గీసింది. తోక మలుపు దగ్గర మెట్లు మెట్లుగా రాకుండా ఎన్ని గళ్ళు వదలాలో తనే కనిపెట్టింది. మాలక్‌కు పిల్లంటే ఇష్టం. రెండు డజన్లు దించమన్నాడు. దించాం. బల్లి ప్రాణంతో ఉన్నట్టు వచ్చింది. మేమంతా, నలభై ఏళ్ళు పనిచేసిన జాబర్‌తో సహా, గీత బాగుందా లేదా అనే చూశాం. కొంతం చౌక్‌లో మా టవళ్ళు కొనే దుకాణదారు టవల్ విప్పి చూసి, మడిచి, మాలక్ చేతిలోనే పెట్టాడు.

"శేట్, బల్లి మొహం మీద పడితే ఏమైతదో పంచాంగంల చూసుకోవాలె. నువ్వేమో పొద్దున్నే దాంతోని మొహం తుడుచుకొమ్మంటున్నవ్."

ఆ రెండు డజన్లూ మేమే పంచుకున్నాం. మా ఇంట్లో ఇంకా వాడుతున్నాం, ఏ ఫలమూ కొత్తగా పట్టలేదు. బిడ్డ వారం రోజులు బల్లి శాస్త్రం మీద పడింది. తల మీద పడితే ఇది, భుజం మీద పడితే అది అని ఎవరు కనిపెట్టారు, ఎన్ని బల్లులు పడితే కనిపెట్టారు అని వాళ్ళమ్మను, ఇరుగుపొరుగును వేధించింది. తరువాత చేపను గీసింది. చేప గురించి శాస్త్రాలకు ఫిర్యాదు లేదు. దుకాణదారు తీసుకున్నాడు. మళ్ళీ అడిగాడు. మూడో ఏడాదంతా మా కార్ఖానాలో ఎక్కువగా చేపలే ఈదాయి.

ఆ ఏడాది గురించి చివర చెబుతాను.

అక్క కొత్త ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటూ పిలిచింది. కుంభారికి బస్సులో పోయాం. ఊరికి దూరంగా, ఒకే తీరు ఇళ్ళ వరసలు, మధ్యలో గాలి. అక్కడ సాంచెలు లేవు. ఆ నిశ్శబ్దానికి మొదట నాకు చెవుల్లో దూది పెట్టినట్టయింది. భోజనాలప్పుడు అక్క వంటింటి గడపలో నిలబడి, వీపు అటు పెట్టి కూర్చున్న బిడ్డను విస్తళ్ళు అందుకొమ్మని పిలిచింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి చుట్టాలంతా తిరిగి చూశారు, బిడ్డ తప్ప. అక్క తనే విస్తళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"తమ్మీ, నీ బిడ్డకు పొగరన్నా ఉన్నది, చెవులన్నా లేవు. ఏదో తేల్చుకో."

ఏదో ఆలోచనలో ఉంటుందక్కా, దాని తల ఎప్పుడూ లెక్కల్లోనే ఉంటుంది అన్నాను. టీచర్ అన్న 'ధ్యాస లేదు' అనే మాటనే నేను పట్టుబట్ట కట్టి తిరిగి చెబుతున్నానని అప్పుడు తోచలేదు. మా ఇంటామె విస్తట్లో చేయి ఆపి బిడ్డ వీపు వైపు చూసింది. బస్సులో వచ్చేటప్పుడు కూడా బిడ్డనే చూస్తూ కూర్చుంది.

ఆ వారం సాంచెలకు సెలవు రోజు వచ్చింది. ఆ ఒక్క రోజే మా గదిలో గడియారం ముల్లు వినపడుతుంది. బిడ్డ తల్లికి ఎదురుగా కూర్చుని బీడీ కట్టలకు దారం చుడుతోంది. మా ఇంటామె చాట పక్కన పెట్టి, మొహం తుడుచుకున్నట్టుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, జిలేబి తెప్పించాల్నా బిడ్డా అని అడిగింది. మా బిడ్డకు జిలేబి అంటే ఎంత ఇష్టమో వీధికంతా తెలుసు. బిడ్డ తల ఎత్తి చూసింది.

"కొంగు తియ్యమ్మా. ఏమంటున్నవో కనవడ్తలేదు."

మా ఇంటామె కొంగు తీయలేదు. నా వైపు తిరిగింది. నేను గోడ వైపు చూశాను.

ప్రభుత్వ దవాఖానలో చెవుల పరీక్ష చేసే ఆమె వయసులో చిన్నది, ఓపిక గలది. బిడ్డను చప్పుడు దూరని చిన్న గదిలో కూర్చోబెట్టి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నది. అద్దంలోంచి నాకు బిడ్డ మొహం కనపడింది. ఎంత శ్రద్ధగా వింటోందంటే నుదురు ముడిపడిపోయింది. చాలాసేపు చేయి కదలలేదు. అంత ధ్యాస ఉన్న మొహాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

కాగితం ఇచ్చారు. గళ్ళ కాగితమే. ఎడమ నుంచి కుడికి లావు చప్పుళ్ళు, సన్న చప్పుళ్ళు. గీత కిందికి దిగినకొద్దీ వినికిడి తక్కువ. రెండు చెవుల గీతలూ ఎడమ పక్కన బాగానే నడిచి, కుడి పక్కకు రాగానే కిందికి జారిపోయాయి. నేను అందులో జారుడును మాత్రమే చూశాను. బిడ్డ కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఒక్కో గడికి ఎంత, సన్న చప్పుడు అంటే ఎంత సన్నం, దోమది ఏ గడిలో వస్తుంది అని మరాఠీలో ఆమెను అడగడం మొదలుపెట్టింది. ఆమె బిడ్డకు ఎదురుగా కూర్చుని అన్నీ చెప్పింది. దోమది ఎక్కడో చూపించింది. బిడ్డ నా వైపు తిరిగి, 'మన బల్లి తోక లెక్కనే ఉన్నది బాపూ' అన్నది. సంతోషంగా అన్నది. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలని ఆమె చెప్పింది. వినపడడానికి చెవులకు మిషన్లు పెట్టుకోవాలి, సాంచెల దగ్గరికి ఇక పోకూడదు. ఎప్పటి నుంచి ఇట్లా ఉందని అడిగింది. బడిలో టీచర్ అన్నది చెప్పాను. ఆమె రాయడం ఆపి ఆలోచించింది. అప్పటికే కొంత ఉండి ఉండొచ్చు, ఆ గోడ వల్లో, పుట్టుకతోనో. లేదా అప్పుడు ఏమీ లేక అంతా తరువాత వచ్చి ఉండొచ్చు. అప్పటి పరీక్ష లేదు కాబట్టి గట్టిగా చెప్పలేనన్నది. కార్ఖానాలో మొత్తం ఎన్ని గంటలు కూర్చుందో తెలిస్తే కొంత అంచనా వేయొచ్చన్నది.

నేను ఏ నెల ఎన్ని కిలోల నూలు అయ్యిందో అడిగితే చెప్పగలను. ఆమె ముందు నోరు తెరిచి, రోజుకు మూడు గంటలు ఉండొచ్చు అన్నాను. మా ఇంటామె పక్క నుంచి ఆరు అన్నది. బిడ్డ మా ఇద్దరి పెదవులూ చూసి, పండుగలు, కరెంటు పోయిన దినాలు తీసెయ్యాలె అన్నది.

దవాఖాన మెట్లు దిగుతూ, అయితే నేను మళ్ళీ బడికి పోవాల్నా అని అడిగింది. అప్పుడు ఏడ్చింది, వినికిడి గురించి కాదు. చేప తరువాత కొంగను గీస్తోంది, సగంలో ఉంది.

కుంభారిలో అక్క వాళ్ళ వరసలోనే రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ ఇల్లు వెతికి పెట్టింది అక్కే. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది. మా ఇంటామె బీడీల చాట అక్కడికి మారింది, నేను రోజూ బస్సులో వస్తాను, పోతాను. బిడ్డకు మిషన్లు వచ్చాయి. మొదటి రోజు కాగితం మడిస్తే వచ్చే చప్పుడుకు భయపడి వదిలేసింది. తరువాత ఇల్లంతా తిరిగి ఏది ఎంత చప్పుడు చేస్తుందో చూసి వచ్చింది.

చదువు మాత్రం సాగలేదు. నేను కొత్త పుస్తకాలు తెచ్చాను. సాయంత్రం బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, ఎదురుగా కూర్చునేవాణ్ణి. సాంచె లేకుండా ఎట్లా చెప్పాలో నాకు రాదని అప్పుడు తెలిసింది. అక్కడ ప్రశ్న దానంతట అదే నడుస్తూ వచ్చేది. ఇక్కడ పేజీ తిప్పి నేనే అడగాలి. ఒక తోట పొడవు ఇంత, వెడల్పు ఇంత, చుట్టుకొలత ఎంత? బిడ్డ చెప్పేది. ఇంకోటి అడిగేవాణ్ణి. చెప్పేది. పదిహేను రోజులకు చెప్పడం మానేసింది. ఏమైంది, రాలేదా అన్నాను.

"వస్తది. నీకు గూడ వస్తది గదా బాపూ. మళ్ల నన్నెందుకు అడుగుతున్నవ్?"

పుస్తకం మూసేశాను. తను ఆ మాట మొదట ఎవరి గురించి అన్నదో తనకు గుర్తుందో లేదో. 

కొన్నాళ్ళు ఏమీ చేయలేదు. ఊరికే గుమ్మంలో కూర్చునేది. ఇంతకాలం ఆ పిల్లకు పేదరికం తెలుసు, ఖాళీగా ఉండడం తెలియదు. అక్క బీడీలు నేర్పుతానన్నది. మా ఇంటామె దగ్గర్లోని బడికి పోయి మాట్లాడి వచ్చింది. ముందు బెంచీ ఇస్తామన్నారు, మిషన్లున్న పిల్లలు ఇంకో ఇద్దరు ఉన్నారట. బిడ్డ అంతా విని, పోతానన్నది. కానీ ముందు ఒక లెక్క తేలాలన్నది. తనకు తెలియనిది, నాకూ తెలియనిది.

దవాఖానలో ఆమె అడిగిన గంటలు.

గంటలు తక్కువైతే బడిలో ఉన్నప్పుడే చెవులు పోయినట్టు, అప్పుడు ధ్యాస లేకపోవడం కాదు, వినపడకపోవడం. గంటలు ఎక్కువైతే సాంచెల వల్ల వచ్చినట్టు. అట్లా అయితే మూడో తరగతిలో తను ఎందుకు కిటికీలోకి చూసిందో ఇంకో కారణం వెతకాలి. నిజంగానే తను మొద్దేమో చూడాలి. ఇది తెలియకుండా ఆ బడి గదిలోకి మళ్ళీ పోనన్నది. టవల్ నూలు లాగినప్పటి మొహంతోనే చెప్పింది. సాంచెల వల్ల అన్నదే కానీ నా వల్ల అనలేదు. ఆ తేడా తనకు తట్టలేదనుకోవడానికి లేదు; అంత చిన్న తేడాలు వదిలే పిల్ల కాదు.

అప్పటి నుంచి మా ఇంట్లో మళ్ళీ ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటి ఏడాది మధ్యాహ్నాలే వచ్చేది కదా, అన్నం తిన్నాకనా, తినకముందా అని తల్లిని అడిగింది. జాబర్‌కు ఫోను చేసింది. మగ గొంతు కాబట్టి బాగానే వినపడింది. మోటారు కాలిపోయి ఎన్ని రోజులు ఆగిందో ఆయన చెప్పాడు. నన్ను అడిగి భీములు ఎన్ని మారాయో రాబట్టి, దాన్నిబట్టి సాంచెలు ఎన్ని రోజులు నడిచాయో తేల్చింది. నేను తనకు నేర్పిన పద్ధతే అది. జ్వరం వచ్చిన రోజులు తీసేసింది. అక్క ఇంటికి వచ్చిన రోజులు తీసేయడానికి అక్కను పిలిచి కూర్చోబెట్టింది. అక్క వేళ్ళ మీద పండుగలు లెక్కపెడుతూ, మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. పొద్దంతా పని, అడిగే పిల్ల, వెతికే పెద్దవాళ్ళు. నేను ఎప్పుడూ కోరుకున్న బడి అదే.

మొదటి ఏడాది తేలింది. రెండో ఏడాదీ తేలింది. మూడో ఏడాదికి వచ్చి ఆగింది.

ఆ ఏడాది చేపల టవళ్ళు దిగుతున్నాయి. అంచులో ఒక పోగు తప్పితే చేప కన్ను చెదురుతుంది. దాన్ని సాంచె మీదే పట్టుకోవాలి, బట్ట దిగాక పట్టుకుంటే ఆ ముక్క పోయినట్టే. మాలో ఎవరికీ అంత చూపు లేదు. బిడ్డకు ఉంది, ఆ చేప తనది. తనంతట తను వచ్చి చూసిన పొద్దులు చాలా ఉన్నాయి. గోడ మీద రెండు దెబ్బలు కొట్టి నేను పిలిచిన పొద్దులూ ఉన్నాయి. తింటుంటే లేచి వచ్చేది. గోడ మీద దెబ్బ ఎట్లా వినపడేదని ఈమధ్య అడిగాను. వినపడేది కాదట, గోడకు చేయి ఆనించి కూర్చునేదట.

పోయిన వారం నేను బస్సు దిగి వచ్చేసరికి ఎదురుగా వచ్చి కూర్చుంది. నా మొహం కనపడేటట్టు దీపం సర్దింది.

"మూడో ఏడు రెండు తీర్ల రావాలె బాపూ. నేను వచ్చినయెన్ని, నువ్వు పిలిచినయెన్ని? నేను వచ్చినయి నాకు యాదికున్నయ్. నువ్వు పిలిచినయి నువ్వే చెప్పాలె."

గుర్తు చేసుకుంటున్నానని చెప్పాను. మర్నాడూ అదే చెప్పాను. బడిలో పేరు రాయించే గడువు దగ్గరపడుతోంది, మా ఇంటామె రోజూ నా మొహం చూస్తోంది. బిడ్డ తొందరపెట్టడం లేదు. లెక్క తెలిసినవాళ్ళు తొందరపడరని తనకు నేనే చెప్పాను.

మొదటి ఏడాది ఆరు వందల ముప్పై గంటలు. రెండో ఏడాది పదకొండు వందల డెబ్బై. మూడో ఏడాది, తనంతట తను వచ్చినవి తొమ్మిది వందల నలభై. నేను పిలిచినవి ఇంకా ఇవ్వలేదు.